దొంగ సిస్టమ్ వద్దన్న దానమన్న

నిన్న మధ్యాహ్నం బళ్లారిలో గాజుల స్టాక్ చూసుకుంటుంటే సలీం ఫోన్ చేశాడు.

"యాడుండావప్పా? బిరీన రా. దానమన్న కుర్చీలోనే ప్రాణం ఇడిసినాడు."

"తమాషా చేస్తాండావా?" అని వాణ్ణి తిట్టాను.

సలీం ఏడుస్తున్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. తెక్కలకోట బస్టాండ్ దగ్గర నా ఫ్యాన్సీ షాపు పక్కనే దానమన్న డీటీపీ, జెరాక్స్ షాపు. సలీంది రోడ్డుకు అవతల, అదే బిజినెస్. నిన్న టీకి పిలుద్దామని వచ్చి సలీమే చూశాడు.

అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

షాపులో గిరాకీ ఉండుంటే ఎవరో ఒకరు చూసేవాళ్లు. కేకేసేవాళ్లు. గిరాకీ ఎందుకు లేదో మా బజారంతా తెలుసు.

దానమన్న చర్చిలో సండే స్కూల్ టీచర్. ఒక సోమవారం పొద్దున షాపుకొచ్చి కంప్యూటర్‌లో డబ్బు కట్టకుండా వేయించుకున్న సిస్టమ్, ఆ క్రాక్ కాపీ మొత్తం తీసేశాడు. దాని బదులు లినక్స్ అనే సిస్టమ్ వేసుకున్నాడు. ఫ్రీ, ఓపెన్ సోర్స్, ఎవరి సొమ్మూ కాదు.

"ఆదివారం పిల్లోళ్లకి దొంగతనం తప్పని చెప్పేది, సోమవారం దొంగ సిస్టమ్ ఆన్ చేసేది. నాకే సిగ్గయితాండాదప్పా" అన్నాడు.

ఒరిజినల్ కొందామంటే ఆ పాత కంప్యూటర్‌కు ఎక్కదు. కొత్తది కొనే స్తోమత లేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

పెళ్లి కార్డులు, అర్జీలు, జెరాక్సులు అన్నీ బాగానే జరిగాయి. వైరస్ గొడవ లేదని మీసం మెలేసేవాడు.

కానీ మా ఊళ్లో డీటీపీ షాపు బతికేది పెన్షన్ పనుల మీద. వాటికి వేలిముద్ర మిషన్ కావాలి. ఆయన దగ్గరున్న మిషన్ లినక్స్‌లో పనిచేయదు. దాన్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటారు, అది లేదు. ఆన్‌లైన్‌లో అడగని చోటు లేదు, కంపెనీకి పెట్టని మెయిల్ లేదు. ఎవరూ పలకలేదు.

ఇక చూడాలి ఆయన వరస.

ఎండలో కట్టె ఊతంగా ఒక అవ్వ వచ్చింది.

"నా దాంట్లో ఏలిముద్ర రాదవ్వా. రా, నేనే పిల్చుకపోతా" అని లేచాడు.

"నీ మిషనుకు కండ్లు లేవా నాయనా?" అంది అవ్వ.

"కండ్లుండాయవ్వా. దొంగతనమే రాదు దానికి."

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, సలీం షాపులో ఫ్యాన్ కింద కూర్చోబెట్టి వచ్చాడు. ఒక్క అవ్వ కాదు, వచ్చిన వాళ్లందరినీ అంతే.

"గిరాకీని చెయ్యి పట్టుకోని ఎదురంగడికి అప్పజెప్పే యాపారిని నిన్నే చూస్తాండా" అని నేను అరిచేవాణ్ణి. నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతోంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు కదన్నా, ఏం చూసుకుని నీకా నవ్వు?

కొన్నాళ్లకు జనం నేరుగా సలీం దగ్గరికే పోవడం మొదలుపెట్టారు. జెరాక్స్ కూడా అక్కడే. దానమన్న మాత్రం పొద్దున్నే షట్టర్ ఎత్తి, మిషన్ ఆన్ చేసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఈరోజు మట్టి ఇచ్చి ఇంటికి వచ్చాక దానమన్న భార్య గ్రేస్ వదిన నన్నూ సలీంనూ పక్కకు పిలిచింది.

"అప్పా, సోమవారం నేను అంగడి తెరస్తా. ఏలిముద్ర మిషన్ పనిచేసే సిస్టమ్ ఏసియ్యండి. అది దొంగదైనా సరే. ఆయప్పను ఇన్నాళ్లూ అడగలేకపోతిని."

సలీం తల వంచుకుని, "నేనే ఏసిస్తా వదినా, నాకు పైసా వద్దు" అన్నాడు.

ఆమె నావైపు చూసింది. నువ్వుంటే ఏమనేవాడివో నాకు తెలుసు దానమన్నా. కానీ నువ్వు లేవు.

"సరే వదినా" అన్నాను.

సోమవారం పొద్దున నీ లినక్స్‌ను మేమే తీసేస్తాం అన్నా. నువ్వు ఇన్నేళ్లు ఆకలికి ఓర్చి నిలబెట్టింది, మేం ఒక్క పూటలో తీసేస్తాం.

పోయిరా దానమన్నా.

నువ్వు నమ్మిన దేవుని దగ్గర నీకు నెమ్మది దొరకాలి. ఈడ నిజాయితీకి మేం ఇంత చోటు కూడా ఇయ్యలేకపోతిమి.