పురుగుల షెడ్డు నాంచారమ్మ

కెలమంగలం దారిలో యూనివర్సిటీ వెలిశాక నాంచారమ్మ తన పట్టుపురుగుల షెడ్డును గదులు చేసి విద్యార్థులకు అద్దెకిచ్చింది. పురుగులు పెంచిననాటి అలవాట్లు మాత్రం మానలేదు. కాళ్లు కడుక్కోందే ఎవరినీ లోపలికి రానివ్వదు. పురుగులు పొర విడిచే ముందు కదలక నిద్రకు పడిన రోజుల్లోలాగే, పరీక్షలప్పుడు వీధంతా గుసగుసగానే మాట్లాడాలి. ఆ వీధికి బస్సు కావాలని ఐదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఆమే. తీరా మొదటి బస్సు మేళతాళాలతో వచ్చిన రోజు పరీక్షలు! నాంచారమ్మ హారతి పళ్లెం గట్టుమీద పెట్టి, నోటిమీద వేలేసుకుని, బస్సుకు అడ్డంగా నిలబడింది.

“ఇంజను ఆపప్పా. పిల్లోళ్లు చదువుకుంటా ఉండారు.”

“మరి బస్సు ఎట్ల పోయేదమ్మా?” అన్నాడు డ్రైవరు.

ఆమె కొంగు నడుముకు దోపి, బస్సు వెనక చేరి, రెండు చేతులూ ఆనించింది.

“తోయండప్పా,” అంది మేళగాళ్లతో, గుసగుసగా.