కోత పండుగనాటి మేక

ఆ రోజుల్లో ప్రార్థన ఎంత పొడుగుంటే భక్తి అంత లోతని నమ్మేదాన్ని. జహీరాబాద్‌లో మా గుడికి వచ్చే ఆడపిల్లల్లో నా అంతసేపు ప్రార్థించేవాళ్ళు లేరు. అద్దం ముందు నిలబడి, గడియారం చూసుకుంటూ సాధన చేసేదాన్ని. ఆదాము దగ్గర మొదలుపెట్టి, నోవహును ఓడ ఎక్కించి, ఇశ్రాయేలీయులను ఎర్ర సముద్రం దాటించి, ఢిల్లీలో ఏలేవారిని దీవించి, చివరికి జహీరాబాద్ చేరేదాన్ని. వరస తప్పితే మళ్ళీ ఆదాము నుంచే. (వరస తప్పితే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.)

ఆ ఏడు కోత పండుగకు కృతజ్ఞతా ప్రార్థన నన్ను చేయమన్నారు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు. అంతవరకూ అది పెద్దలే చేసేవారు. నేను నేలమీద నడిస్తే ఒట్టు! ఇంట్లో అమ్మ ధ్యాస మాత్రం వేరు. ఇక లేవడనుకున్న నాన్న ఆ వానాకాలమే దవాఖాన నుంచి ఇంటికొచ్చాడు. ఆయన బతికితే మొదటి జొన్న కంకులు దేవునికిస్తానని అమ్మ మొక్కుకుంది. వానల్లేక ఝరాసంగం దగ్గరి మా చేను సగం ఎండింది. మిగిలినదాంట్లో నిండు కంకులు ఏరి ఒక కట్ట కట్టి, బస్సులో చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

బలిపీఠం ముందు గుమ్మడికాయలు, కందులు, అమ్మ కట్ట. పక్క స్తంభానికి కోహీర్ నుంచి మా పిన్ని కానుకగా తెచ్చిన మేక. (పిన్ని చివరిదాకా రెండు మేకలనే చెప్పేది. ఒకటే.)

అందరూ కళ్ళు మూసుకున్నారు. నోవహు దాకా బాగానే సాగింది. ఎర్ర సముద్రం దగ్గర, జనం ఎలా వింటున్నారో చూద్దామని ఒక కన్ను తెరిచాను. మేక ముడి విప్పుకుని, అమ్మ కట్ట ముందు నిలబడి తీరిగ్గా నములుతోంది. అమ్మేమో కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళతో మోకరించి ఉంది. ఆపుదామంటే ఇశ్రాయేలీయులు సముద్రం మధ్యలో ఉన్నారు, ఢిల్లీ ఇంకా రానే లేదు. బెదురుతుందేమోనని మోషే పేరు గట్టిగా పలికాను. మేక తల కూడా ఎత్తలేదు, ఇంకో కంకి లాగింది. ఇక నా వల్ల కాలేదు.

"దేవా, జర గా మేకను పట్టు! అమ్మ జొన్నలు తింటున్నది!"

"ఆమేన్!" అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

ఆ తర్వాతే కళ్ళు తెరిచారు. పిన్ని ఉరికి మేక చెవులు పట్టుకుంది. అయ్యగారు ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. కట్టలో సగం పోయింది.

బయటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను. "నీ మొక్కు పాడుజేసిన అమ్మా. చూడంగనే ఆపాల్సుండె."

"ఏం పాడైంది బిడ్డా? మేకను దేవునికే ఇచ్చిన్రు, జొన్నలు దేవునికే ఇచ్చిన. ఆయన మేక ఆయన జొన్నలు తిన్నది. నడుమ నీకేం ఫికర్?"

"నా ప్రార్థన సగంల్నే పాయె. అందరు నవ్విన్రు."

"నవ్వనీ. గిన్నొద్దులు మాకు ఇనవడాలని మాట్లాడినవ్, ఇయ్యాల ఆయన్ను పిలిచినవ్. మీ నాయన దవాఖానల ఉన్నప్పుడు నాకేమన్న ఆదాము యాదికొచ్చిండా? 'దేవా, ఈయన్ను ఇడువకు' అన్న. గంతే. ఆయన ఇన్నడు గద."

గోడకు ఆనుకుని కూర్చున్న నాన్న, "మేకనే ఇనలే" అని పకపకా నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విన్నాక నేనూ ఏడవలేకపోయాను.

మొన్నటి కోత పండుగకు మళ్ళీ నన్నే ప్రార్థించమన్నారు. "తండ్రీ, ఈ ఏడు కూడా అన్నం పెట్టావు. నీకు స్తోత్రం" అని కళ్ళు తెరిచాను. ఇంకా ఉందనుకుని కొత్త అయ్యగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. అలవాటుగా స్తంభం వైపు చూశాను. మేక లేదు. ఆదాము నుంచి బయలుదేరిన నాలోని ఆనాటి ఆడపిల్ల మాత్రం ఎర్ర సముద్రం దగ్గరే ఉన్నట్టుంది, ఒక కన్ను తెరుచుకుని.