మా షార్పనర్‌కు వచ్చిన కొడవళ్లు

మా కూరగాయల కత్తి మొద్దుబారింది. దానితో నొక్కి నొక్కి కోయడంతో అమ్మకు మణికట్టు నొప్పి మొదలైంది. వారమంతా ఫోన్లో వెతికి, చివరికి నిన్న వనపర్తిలో ఒక చవక షార్పనర్ కొన్నాను. దానికి రెండు సందులుంటాయి. కత్తిని వాటిలో లాగితే పదునెక్కుతుంది. పొద్దున బస్సు టైమైందని చిన్న చాకు ఒక్కటే నూరి చూపిస్తే అమ్మ మురిసిపోయింది. పెద్ద కత్తిని సాయంత్రం నూరుతానని చెప్పి డ్యూటీకి వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి మా అరుగు నిండా వీధి ఆడవాళ్లు, చేతుల్లో జొన్న కోతకు కొడవళ్లు. పక్కింటి అత్త తన కొడవలిని షార్పనర్‌లో పెట్టి బలమంతా పెట్టి లాగుతోంది. వంటింటి కత్తులకు మాత్రమేనని డబ్బా మీద ఇంగ్లిషులో ఉంది. మా ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే.

"అమ్మా, అది కొడవళ్లకు కాదే," అన్నాను.

"మా బిడ్డ తెచ్చిందని నేనే చెప్పిన. చూస్తమని వస్తె లేదంటనా?"

"కోడలా, మంచిగనే ఉన్నది గని జర నాజూకుది," అంటూ అత్త దాన్ని నా చేతిలో పెట్టింది.

సందుల్లో కత్తిని నూరే పళ్లు ఊడిపోయాయి. పెద్ద కత్తిని ఎంత లాగినా గీతలు పడ్డాయే కానీ పదును రాలేదు. అమ్మ మధ్యమధ్య మణికట్టు పట్టుకుంటూ ఆ కత్తితోనే వంకాయలు కోస్తోంది. కోప్పడదామంటే, ఆ ముఖంలో పొద్దుటి మురిపెం ఇంకా పోలేదు.

ఈసారి రెండు కొనాలి. ఒకటి కత్తికి, ఒకటి అమ్మ వీధిలో గొప్పగా చెప్పుకోవడానికి. కొడవలిని తట్టుకునే చవకది ఏదైనా ఉంటే చెప్పండి.