ఇంటికని పెంచిన రొయ్యలు

మా పెద్దమావయ్యగారు పోయారని దరియాలతిప్ప చెరువుల దగ్గర్నుంచి ఫోనొచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. గట్టు మీద నడుస్తూనే కూలబడిపోయారట. మా ఆయనకి స్వయానా పెదనాన్న. మా మావగారు లేకపోవడంతో ఈ ఇంటికి పెద్ద ఆయనే. యానాంలో రొయ్యల చెరువులు చేసేవాళ్ళలో మంచి పేరున్న మనిషి.

పెళ్ళై వచ్చిన కొత్తలో నేను తలుపు చాటునుంచే మాట్లాడేదాన్ని. "అమ్మాయ్, తలుపుతో మాట్లాడుతున్నావా, నాతోనా?" అని నవ్వించేవారు. నేను చదివింది ఆరో తరగతి. అది కూడా మర్చిపోతానని రోజూ పేపరు చేతికిచ్చి పైకి చదవమనేవారు. తడబడితే, "నెమ్మదిగా చదువు, పేపరెక్కడికీ పారిపోదు" అనేవారు. మా పుట్టింట్లో కూడా నాకోసం అంత ఓపిక పట్టినవాళ్ళు లేరు.

ఆయనకో పద్ధతుండేది. చెరువులో సరుకు పట్టి అమ్మే పట్టుబడి రోజున వలలో పడిన మొదటి రొయ్యలు మా ఇంటికి రావాలి, నేను వండాలి. కొనడానికొచ్చిన ఏజెంటుని పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఆయన తినాలి. ఆ తర్వాతే కాటా. "మన కంచంలో పెట్టుకోలేనిది పరాయివాడి కంచంలో పెట్టకూడదమ్మా" అనేవారు. ఆ మాట నాచేతే సుద్దముక్కతో షెడ్డులో బోర్డు మీద రాయించారు. నా రాత అందరూ చూస్తారని సిగ్గుపడ్డాను, గర్వపడ్డాను కూడా.

ఆ రోజుల్లో రొయ్యలకి జబ్బులెక్కువ. కొందరు మేతలో మందు కలిపి, అది రొయ్యలోంచి పోకముందే పట్టి అమ్మేస్తున్నారని చెప్పుకునేవారు. కనకాలపేట నుంచి ఒకావిడ వచ్చి, ఏజెంటు వద్దని తీసేసిన చిన్న రొయ్యలు కొనుక్కెళ్ళి ఇంటింటికీ అమ్మేది. "చెల్లీ, మా పిల్లలూ తింటారు. మందుల్లేవు కదా?" అని నన్నడిగేది.

"మా ఇంట్లో మేమే తింటున్నాం కదక్కా" అనేదాన్ని. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని నేను ఆ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పేదాన్ని.

ఒక పట్టుబడి నాడు క్యారేజీ ఇవ్వడానికి చెరువు దగ్గరికి వెళ్ళాను. పెద్ద చెరువులో ఇంకా వల దించలేదు. కాపలా అతను మాత్రం షెడ్డు వెనక చిన్న గుంటలోంచి బుట్టెడు రొయ్యలు తీసుకొస్తున్నాడు.

"అవెక్కడికి బాబాయ్?"

"మీ ఇంటికేనండి. ఎప్పుడూ ఇందులోవేగా పంపుతాం. పెద్ద చెరువుకి మొన్నే మందేశాం కదండీ, అవి మీరెలా తింటారు?"

దాచాలని కూడా అనుకోలేదతను. నాకు తెలుసనే అనుకున్నాడు. ఏజెంట్ల ముందు నేను వడ్డించిన ప్రతి కూరా గుర్తొచ్చింది. కనకాలపేట అక్క పిల్లలు గుర్తొచ్చారు.

ఆ మధ్యాహ్నం ఏజెంటు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు ధైర్యం తెచ్చుకున్నాను. "పెద్ద చెరువులోవి కూడా నాలుగు వండనా, మావయ్యగారూ?"

"ఎందుకమ్మాయ్? ఇవీ అందులోవేగా" అన్నారు. అదే నవ్వు, అదే మెత్తని గొంతు. ఆ గొంతు కొంచెం వణికినా నాకు సగం బాధ తగ్గేది.

నోరు మూసుకుని వడ్డించాను. ఆ తర్వాత మరో రెండు పట్టుబడులకీ వండాను. కనకాలపేట అక్క వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ తప్పు నాదే, ఆయన మీదికి తోయలేను. ఇదంతా రాయగలుగుతున్నది మాత్రం ఆయన చదివించిన పేపర్ల వల్లే.

పెద్దకార్యం నాడు ఆయన ఫొటో ముందు ఆకు వేసి, ఇష్టమైనవన్నీ వడ్డిస్తున్నారు. "తను తినందే ఎవరికీ అమ్మలేదు, మహానుభావుడు" అంది మా ఆయన మేనత్త. "రొయ్యలేవే? కోడలిపిల్ల చేతి కూరంటే ప్రాణం కదా మా అన్నయ్యకి! చెరువు నుంచి తెప్పించండి." కనకాలపేట అక్క గుమ్మం పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

నేను తలుపు చాటునుంచి ఇవతలికొచ్చాను.

"ఏ చెరువులోవి తెమ్మంటారు?" అన్నాను. "మందేసిన పెద్ద చెరువులోవా, మనం తినడానికని విడిగా పెంచిన గుంటలోవా?"

మా ఆయన తల దించుకున్నారు. ఆయనకీ తెలుసని అప్పుడే నాకు తెలిసింది. అక్క చెంగు కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఆకులో అన్నం మీద ఆవిరి పోయింది. గారెల పక్కన, కూర కోసం వదిలిన చోటు ఖాళీగానే ఉండిపోయింది.