మకూషిన్ కొండకి రైస్ కుక్కర్ మోసుకెళ్ళిన కథ

ఈ ప్రయాణం మా ఆయన రెండో మానిటర్‌లో మొదలైంది. మా ఊరు హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక మానిటర్ మీద డేటాబేస్, ఇంకోదాని మూలన మకూషిన్ దగ్గర పెట్టిన కెమెరా ఇంటర్నెట్‌లో చూపించే బొమ్మ. మకూషిన్ అంటే అలాస్కా కొసన, అలూషన్ దీవుల్లో ఉన్న అగ్నిపర్వతం. ఒళ్ళంతా మంచు, నెత్తిన ఆవిరి. చాలా రోజులు ఆ బొమ్మలో బూడిదరంగు తప్ప ఏమీ ఉండదు, అయినా ఆయన చూడకుండా ఉండేవారు కాదు. మూడేళ్ళ కిందట ఆయన రెండు కళ్ళకీ నడిమి చూపు పోవడం మొదలైంది. అంచులు బాగానే కనిపిస్తాయట, ఎదురుగా ఉన్నది మాత్రం తుడిచేసినట్టు ఉంటుందట. డ్రైవింగ్ మానేశారు, తర్వాత ఉద్యోగం కూడా. ఈ వసంతంలో డాక్టర్ "చూడాలనుకున్నవి ఉంటే ఈ ఏడే చూసేయండి" అంటే, ఇంటికొచ్చి ఒకే మాట అన్నారు: "ఆ కొండ ఒక్కసారి చూసొద్దామోయ్."

నిజం చెప్పొద్దూ, నాకు ఓపిక లేదు. మూడేళ్ళుగా కారు నేనే, బిల్లులు నేనే, మందుల సీసాల మీద అక్షరాలు చదివేది నేనే. పైగా నేను మాట్లాడుతుంటే మొహం పక్కకి తిప్పుకోవడం ఒకటి కొత్తగా అలవాటైంది, దానికి నాకు ఒళ్ళు మండుతుంది. "గోడతో చెబుతున్నానా?" అని ఎన్నిసార్లు అరిచానో. సెలవంటూ దొరికితే వారం రోజులు పడి నిద్రపోవాలని ఉండేది. అయినా జూన్‌కి టికెట్లు బుక్ చేశాను.

దారి చెబుతాను. మా ఊరి నుంచి సియాటిల్, అక్కడి నుంచి యాంకరేజ్, అక్కడ ఒక రాత్రి, పొద్దున చిన్న విమానంలో మూడు గంటలు ఎగిరితే మకూషిన్‌కి దగ్గరి ఊరు డచ్ హార్బర్. యాంకరేజ్ నుంచి రానూపోనూ మనిషికి పన్నెండు వందల డాలర్లు దాటింది. ఆ చిన్న విమానం బరువు ఎక్కువైతే సామాను దించేసి మనుషుల్ని మాత్రం తీసుకెళుతుంది. ఈ సంగతి నాకు తెలియదు. మనవాళ్ళం ఎవరైనా చేసే పనే చేశాను: గిన్నె సొట్టపడుతుందని రైస్ కుక్కర్, సోనా మసూరి, కందిపొడి, పులిహోర చేతిసంచిలో పెట్టి, కోట్లు, బూట్లు, ఆయన బైనాక్యులర్స్ పెద్ద సూట్‌కేసులో వేసి చెక్-ఇన్ చేశాను. దిగి చూస్తే సూట్‌కేసు లేదు. కౌంటర్‌లో అమ్మాయి "రేపు రావచ్చు, ఎల్లుండి రావచ్చు" అంది. చలిగాలి చెంప పగలగొడుతోంది, నేను పల్చటి స్వెటర్‌లో కుక్కర్ కౌగిలించుకుని నిలబడ్డాను. "బైనాక్యులర్స్ కూడా అందులోనేనా?" అని మాత్రం అడిగారాయన. అవునన్నాను. తిట్టినా బాగుండేది.

ట్యాక్సీ నడిపే బెన్ ఫిలిప్పీన్స్ మనిషి, చేపల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు చేసి మానేశాడట. నా ఒళ్ళోది చూసి పకపకా నవ్వాడు. "కుక్కర్ మోసుకొచ్చారంటే మీరు మావాళ్ళే!" గది ముందు దింపేటప్పుడు డిక్కీలోంచి రెండు నారింజరంగు రెయిన్‌కోట్లు తీసి ఇచ్చాడు. చేపల కంపు భరించలేం, కానీ వెచ్చగా ఉన్నాయి. బదులుగా నేను పులిహోర డబ్బా ఇచ్చాను.

తర్వాత మూడు రోజులు పొగమంచు. చెట్టన్నది లేని పచ్చటి గుట్టలు, దీపస్తంభాల మీద గద్దలు, కొండ కనిపించాల్సిన పడమటి దిక్కున తెల్లటి మంచుగోడ. గుట్టలెక్కాలంటే స్థానికుల సంస్థ దగ్గర పర్మిట్ కొనాలి, కొన్నాం. రోజుకి రెండుసార్లు బంకర్ హిల్ అనే గుట్ట సగం ఎక్కి, తడిసి, ఉసూరుమంటూ దిగాం. రూమ్‌కి రాత్రికి రెండొందల పైచిలుకు, అన్నం కందిపొడి ఉచితం. సూట్‌కేసు రానేలేదు. మూడో సాయంత్రం ఆయన, "పోనీలేవోయ్, కెమెరాలో చూసిన బూడిదరంగు ఇదే కదా" అన్నారు. స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను, అలిసిపోయి ఏడ్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి మా విమానం. పొద్దున ఎనిమిదింటికి బెన్ తలుపు బాదాడు. "పడమర తెరుచుకుంది, త్వరగా రండి!" గుట్ట కింద దింపాడు. నలభై నిమిషాల నడక, ఆయన నా మోచెయ్యి పట్టుకుని రొప్పుతూ ఎక్కారు. పైకి చేరి తలెత్తితే నీళ్ళకి అవతల మకూషిన్. నేననుకున్నట్టు మొన తేలిన కొండ కాదు, ఆకాశానికి అడ్డంగా పరుచుకున్న మంచు, దాని మీద సన్నటి ఆవిరి. "అమ్మో!" అన్నాను. పక్కకి చూస్తే ఈయన మొహం కొండ వైపు లేదు, రేవు వైపు తిప్పి నిలబడ్డారు. మబ్బు మళ్ళీ దగ్గరికొస్తోంది. గబగబా గడ్డం పట్టుకుని తిప్పాను. "అటు కాదండీ, ఇటు! ఎదురుగా!"

నా చెయ్యి మెల్లగా తీసేశారు. "ఎదురుగా చూస్తే పోతుందోయ్. ఇలా పక్కకి తిరిగితేనే కనిపిస్తుంది. ఎడమ పక్క ఆవిరి లేస్తోంది కదూ?"

లేస్తోంది. పది నిమిషాలు ఆయన రేవు వైపు మొహం పెట్టి కొండని చూశారు, నేను కొండని వదిలేసి ఆయన్ని చూశాను. తర్వాత మబ్బు మూసేసింది.

ఇంత డబ్బు, ఇంత అలసట పది నిమిషాల కోసమా అని అడిగితే, నేను మళ్ళీ వెళ్ళనేమో. వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: కుక్కర్ సూట్‌కేసులో వెయ్యండి, గిన్నె సొట్టపడితే పడనివ్వండి, కోటు, బైనాక్యులర్స్ చేతిలో ఉంచుకోండి. మా సూట్‌కేసు యాంకరేజ్‌లోనే భద్రంగా దొరికింది. ఇంటికెళ్ళే విమానంలో నేనేదో చెబుతుంటే ఆయన మొహం కిటికీ వైపు తిప్పారు. అలవాటు కొద్దీ అరవబోయి ఆగాను. కిటికీ అవతల ఏమీ లేదు, అంతా మబ్బే. ఆయన నన్నే చూస్తున్నారు.