ఎర్ర చుక్కలు

ల్యాబ్‌లో అందరూ అతన్ని చుక్కలాయన అంటారు. తెరమీది బొమ్మలో మనిషి చూపు ఆగిన చోటల్లా పరికరం ఎర్ర చుక్క పెడుతుంది. ఆ చుక్కలు చూపించి, మనిషిలాగే చూడటం కంప్యూటర్‌కి నేర్పడమే అతని పీహెచ్‌డీ. నాలుగేళ్లుగా, ప్రయోగానికి వచ్చినవాళ్లు గడ్డం ఆనించే పట్టీని స్పిరిట్‌తో తుడవడం, "తల కదపకండి, కళ్లు మీ ఇష్టం" అనడం, ఇదే పని. ఎవరేం చెప్పినా చెవికెక్కదు, వాళ్ల కనుపాపలు ఎటు కదులుతున్నాయో చూస్తుంటాడు. ఒకరోజు రావలసిన మనిషి ఎగ్గొడితే తల్లిని కూర్చోబెట్టి, బొమ్మల మధ్య ఇంటి ఫొటో ఒకటి కలిపాడు. అందులో తల్లి, అతను, కిందటేడు బైక్ ప్రమాదంలో పోయిన తమ్ముడు. ఆ బైక్ నడిపింది అతనే.

"మన ఫొటో చూశావా అమ్మా?" అన్నాడు. "చూడకేం నాన్నా. నువ్వెంత చక్కగా ఉన్నావో అందులో" అంది. ఆవిడ వెళ్లాక ఆ ఫొటో మీది చుక్కలు తెరిచి చూస్తే తమ్ముడి ముఖమంతా ఎర్రగా ఉంది. తన ముఖం మీద ఒక్క చుక్కా లేదు. పరికరం చెడిందేమోనని పట్టీ తుడిచి, తనే గడ్డం ఆనించి అదే ఫొటో చూశాడు. పరికరం బాగానే ఉంది. తల్లి మీద చుక్కలు, తమ్ముడి మీద చుక్కలు. తన ముఖం మీద ఈసారీ ఒక్కటీ పడలేదు.