నిండు ట్యాంకు, ఎండిన ఇంజను

సూర్యాపేట కేంద్రంగా మోటారు బీమా సర్వేయరుగా పనిచేసిన చివరి సంవత్సరాల్లో, ఒక ఎండాకాలం సోమవారం నాడు ఈ కేసు నాకు అప్పగించారు. ప్రమాదానికి గురైన బండిని పరీక్షించి, కారణమేమిటో కంపెనీకి నివేదిక రాయడం సర్వేయరు పని. యజమాని సైదులు మిర్యాలగూడ రైస్ మిల్లులో ఫిట్టరు. వారమంతా అక్కడే ఉండి, శనివారం మునగాల దగ్గరి సొంతూరికి వస్తాడు. ఆదివారం ఉదయం కోదాడ వెళ్తుంటే హైవే మీద వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి పడ్డాడు. వెనక వస్తున్న లారీ డ్రైవరు పక్కకు తిప్పుకోవడంతో ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది.

బండి అతని మామ వాడిన పాతకాలపు మోటారు సైకిల్; వారమంతా ఇంటి ముందే నిలబడి ఉంటుంది. ఆ తరం బండ్లలో ఇంజను ఆయిల్ పక్కనున్న విడి ట్యాంకులో ఉంటుంది; పంపు దాన్ని ఇంజనుకు అందిస్తుంది. బండి రోజుల తరబడి కదలకపోతే, అరిగిన పంపు సందుల్లోంచి ఆయిల్ ఇంజను అడుగుకు దిగిపోతుంది. అలాగే స్టార్ట్ చేస్తే పొగ కమ్ముకుంటుంది, ఆయిల్ రబ్బరు సీళ్లను తోసుకొని బయటికి చిమ్ముతుంది.

ముందు సూర్యాపేట దవాఖానకు వెళ్లి సైదులు వాంగ్మూలం తీసుకున్నాను. "కోదాడ మెకానిక్‌తోని ఆయిల్ పైపుకు నల్లా పెట్టిచ్చిన సార్. నిలవెట్టినప్పుడు బంద్ చేస్త, తీసేటప్పుడు తెరుస్త. నిన్న గూడ తెరిసిన. మంచిగ యాదికున్నది" అన్నాడు.

మధ్యాహ్నం వాళ్ల ఇంటి ముందు బండిని పరీక్షించాను. కిక్ కదల్లేదు; ఆయిల్ అందక వేడెక్కి పిస్టన్ పట్టేసింది, చక్రం బిగుసుకున్నది అందుకే. ట్యాంకు ఖాళీగా ఉంటుందనుకొని మూత తీస్తే, నిండు గుర్తు దాకా ఆయిల్ ఉంది. అన్నేళ్ల సర్వీసులో నిండు ట్యాంకుతో మాడిపోయిన ఇంజను నేను చూడలేదు. కింద ఇత్తడి నల్లా చూశాను. పూర్తిగా మూసి ఉంది. సైదులు మరిచిపోయి, నాకు అబద్ధం చెప్పాడనుకున్నాను.

అతని భార్య లక్ష్మమ్మ గొర్రెలకు నీళ్లు పెట్టి అప్పుడే వచ్చి నిలబడింది. బండి పడ్డాక ఈ నల్లాను ఎవరైనా ముట్టారా అని రివాజు ప్రకారం అడిగాను.

"పడ్డంక ఎవ్వరు ముట్టలే సార్. నిన్న పొద్దుగాల ఆయన పోకముందు నేనే బంద్ చేసిన. ఆయన ఫోనొస్తె లోపలికి వోయిండు. తెరిసి ఉన్నది సూసి, బంద్ చేసుడు మర్శిపోయిండేమో, నూనె అంత దిగుతదని..."

అక్కడ ఆగింది. నా ముఖం చూసింది. "బంద్ ఉంటె ఇంజన్‌కు నూనె వోదా సార్?"

పోదని చెప్పాను. ఆమె ఉన్నచోటనే నేల మీద కూలబడింది. రాస్తున్న కాగితం మీద పెన్ను ఎంతసేపు అలాగే ఆనించి ఉంచానో, అక్కడ సిరా మరక పడింది.

ఆమే అడిగింది, ఇది రాస్తారా అని. రాయక తప్పదన్నాను. "రాయండి. కాని ఆయనకు ముందుగాల నేను చెప్త" అని, గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పగించి సూర్యాపేట బస్సెక్కింది.

మర్నాడు సంతకం కోసం దవాఖానకు వెళ్లేసరికి ఆమె మంచం పక్కనే ఉంది. సైదులు కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. "మిల్లుల ఇరవై ఏండ్లు మిషన్లు సూసిన సార్. మూసున్నదా తెరిసున్నదా నడిపేటోనికి తెలిసేటట్టు ఏం పెట్టలే. తప్పు నాది" అన్నాడు. లక్ష్మమ్మ తల ఎత్తలేదు.

బీమా వర్తించని ఇంజను నష్టాన్ని యాంత్రిక వైఫల్యం కింద, పడటం వల్ల జరిగిన నష్టాన్ని ప్రమాదం కింద విడివిడిగా రాసి పంపాను. తర్వాత కోదాడలో ఇంజను విప్పి బాగుచేసినప్పుడు, నా సలహా మీద నల్లా తీసేయించి, అరిగిన పంపు మార్పించారు. వారం నిలబడ్డ బండిని తీసేముందు, అడుగు బోల్టు విప్పి దిగిన ఆయిల్‌ను గిన్నెలోకి పట్టి తిరిగి ట్యాంకులో పోస్తే చాలు. శ్రమ పావుగంట. మరిచిపోయినా పొగ వస్తుంది, అంతే, చక్రం బిగుసుకోదు.

పాత బండ్లవాళ్లు ఇప్పటికీ నల్లా గురించి అడుగుతుంటారు. వద్దంటాను. పెట్టించుకుని తీరతామంటే, అది మూసి ఉండగా ఇంజను స్టార్ట్ అవ్వకుండా ఆపే స్విచ్చు కలిపించుకోమంటాను. బండిని కాపాడే ఏర్పాటు, ఇంట్లో ఇంకొకరి చెయ్యి పడినా మనిషిని పడేయకూడదు.